ఉగ్గుగిన్నె నిండా

స్వర్ణలతను పులివెందులలో పుట్టింటివాళ్లు చిన్నప్పుడే మొండిఘటం అని తేల్చేశారు. డిగ్రీకి పంపమంటే రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుని పంపించుకుంది. సచివాలయం ఉద్యోగానికి రాసిన పరీక్ష ఒకసారి తప్పితే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండోసారి రాసి, ఆర్డరు చేతికొచ్చాక రెండూ కలిపి చెప్పింది. "ఇంత మొండితనంతో అత్తగారింట్లో ఎట్ల నెగ్గుకొస్తావే" అని వాళ్లమ్మ దిగులుపడేది. ఆ దిగులంతా దండగైపోయింది. ఆ మొండితనమే లేకపోతే అమూల్య కథ ఇంకోలా ఉండేది.

అమూల్య ఆమె తొలిచూలు బిడ్డ. కాన్పు పులివెందులలోనే జరిగింది. బిడ్డను తుడిచి చేతికిచ్చిన నర్సు మొహం పక్కకు తిప్పుకుంటే, స్వర్ణలతే దుప్పటి తీసి చూసింది. పై పెదవి మధ్యకు చీలి ఉంది. ఏడ్చినప్పుడు నోట్లోకి చూస్తే పైన అంగిలి కూడా మూసుకోలేదు. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గ్రహణం మొర్రి అన్నారు. వాళ్లలో ఒకామె ఊరుకోక, "గ్రహణం పొద్దు యాడన్నా తిరిగినావేమో, గుర్తు తెచ్చుకో పాపా" అంది.

"తిరిగినా పెద్దమ్మా. ఆ పొద్దు ఆఫీసులో కూచోని మీ ఆయన పింఛను పనే చేస్తాంటి" అంది స్వర్ణలత. ఆ పెద్దమ్మ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

నోరైతే మూయించింది గాని, అసలు కష్టం పాల దగ్గర మొదలైంది. బిడ్డ రొమ్ము పట్టేది, ఆత్రంగా దవడలాడించేది, చెమటలు పట్టేదాకా కష్టపడేది. గొంతులోకి దిగేది మాత్రం ఏమీ లేదు. దిగిన రెండు చుక్కలూ ముక్కులోంచి బయటికొచ్చేవి. రెండున్నర కిలోలతో పుట్టిన పిల్ల పది రోజుల్లో ఇంకా తగ్గింది. ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె ఓపికగా వేలితో చూపించి చెప్పింది. చప్పరించాలంటే నోట్లో గాలి నిలవాలి, ఈ పిల్ల నోట్లో గాలి ముక్కులోకి పోతోంది, ఎన్నేళ్లు పెట్టినా రొమ్ము తాగలేదు. రెండు ఆపరేషన్లు చేయాలి. ఐదు కిలోలకు వస్తే పెదవికి, ఏడాది నిండేలోపల అంగిలికి.

"ఆలస్యమైతే ఏమైతాది మేడం?" అని అడిగింది స్వర్ణలత.

"మాటలు ముక్కుతో వస్తాయమ్మా. 'అమ్మ' అనగలదు. 'ప', 'బ' అనాలంటే నోట్లో గాలి బిగబట్టాలి కదా, అవి పలకడం కష్టం. అందుకే టైముకి బరువు పెరగాలి, జలుబూ జ్వరమూ లేకుండా ఉండాలి. నీ పాలు తీసి పట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. కుదరకపోతే డబ్బా పాలు పట్టు, అందులో తప్పేం లేదు."

"తీస్తా మేడం" అంది స్వర్ణలత.

ఆ రెండక్షరాల మాట వెనక ఎంత పని ఉందో ఆమెకప్పుడు తెలీదు. తెలిసినా అదే మాట అనేదని ఆమెనెరిగినవాళ్లు చెబుతారు. భర్త నాగేంద్ర ఎర్రగుంట్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఎవరినో కనుక్కుని పాలు తీసే పంపు తెప్పించాడు. అరచేతిలో పట్టేంత మోటారు, దానికో ట్యూబు, చివర గరాటా, కింద సీసా. మూడు గంటలకోసారి దాన్ని తగిలించుకుని కూర్చోవాలి. తీసిన పాలు ఉగ్గుగిన్నెలో పోసి, బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, గిన్నె సన్నటి మూతిని బుగ్గ పక్కకు ఆనించి కొంచెం కొంచెంగా పొయ్యాలి. తొందరపడితే పొలమారుతుంది. ఒక్క గిన్నె ఖాళీ కావడానికి ముప్పావుగంట. తర్వాత సీసాలు, గరాటాలు వేడినీళ్లలో ఉడకబెట్టి ఆరబెట్టుకునేసరికి మళ్లీ పంపు వేళ అయ్యేది. ఆ ఉగ్గుగిన్నె స్వర్ణలత వాళ్ల అవ్వ కాలంనాటి వెండిది. మామూలుగా అయితే నాలుగు రోజులు ముచ్చటగా ఆముదమో, మందో పట్టి అటక మీద పెట్టేసేవాళ్లు. ఈ ఇంట్లో దానికి పొయ్యి మీది గిన్నెకన్నా ఎక్కువ పని పడింది.

మూడో నెలలో బిడ్డనెత్తుకుని ప్రొద్దుటూరులో అత్తగారింటికి వచ్చింది. ఇక్కడ అత్త పద్మావతమ్మ గురించి చెప్పాలి. ఊరి చివర వాళ్లది సొంతిల్లు, ఇంటి వెనక కొట్టం, కొట్టంలో నాలుగు గేదెలు. వాళ్ల మాటలో ఎనుములు. మామ ఆదినారాయణ పొలం చూసుకుంటాడు, మిగతా సమయం టీవీలో వార్తలవాళ్లతో పోట్లాడతాడు. పాడి మాత్రం నలభై ఏళ్లుగా పద్మావతమ్మదే. ఆ వీధిలో ఎవరింట్లో కాఫీ తాగినా అవి ఆమె పాలే. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, పాలామె అంటేనే తెలుస్తుంది. చెంబులోకి చూసి ఏ ఎనుము పాలో చెప్పేస్తుంది. పాలలో చుక్క నీళ్లు కలపదు, ఒకరిని మెచ్చుకుంటూ ఒక్క మాట అనదు.

కోడలు మొదటిరోజు పంపు పెట్టుకుని కూర్చుంటే వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏందిమ్మే ఆ మిషను? ఎనుములకు గూడా నేను మిషను పెట్టలేదే!"

సీసా పైకెత్తి వెలుగులో చూసి పెదవి విరిచింది. "ఇంత పల్సగా ఉండాయి. వీటితో బిడ్డ యాడ పెరుగుతాది? మన పాలు కాంచి పడ్తాం, రెండు నెలల్లో గుండ్రాయి మాదిరి అయితాది."

"డాక్టరమ్మ వద్దనింది అత్తా. నా పాలే పడతా."

"నీ ఇష్టం" అని కొట్టంలోకి పోయింది. ఆ 'నీ ఇష్టం'లో ఎంత అయిష్టం ఉందో కొట్టంలో బకెట్టు చప్పుడు చెప్పింది.

వారం తర్వాత సెలవు కాగితాల మీద సంతకం పెట్టడానికి స్వర్ణలత జమ్మలమడుగు పోవాల్సి వచ్చింది. ఆమె పనిచేసే సచివాలయం ఆ పక్క పల్లెలోనే. రెండు పూటలకు సరిపడా పాలు రెండు రోజులుగా కొంచెం కొంచెం దాచి, మూత గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. "అత్తా, వేడినీళ్లలో గ్లాసు పెట్టి గోరువెచ్చన చేసి పట్టు" అని రెండుసార్లు చెప్పి బస్సెక్కింది.

పద్మావతమ్మ గ్లాసు తీసి చూసింది. పైన మీగడ తేరింది, కింద నీళ్లలా ఉంది. ఆ ఇంట్లో పచ్చిపాలు ఎవరి నోట్లోకీ పోవు. మూడు పొంగులు రాని పాలు ముసలివాళ్లకే ఇవ్వరు, నెలల పిల్లకు ఎలా ఇస్తారు? కోడలు చదువుకున్నదే గాని పాల సంగతి ఏం తెలుసు అనుకుంది. చిన్న గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. పొంగు వస్తుందేమో అని చూస్తూ నిలబడింది. ఆ పుడిసెడు పాలకు పొంగు ఎక్కడ వస్తుంది? అంతలో కొట్టంలో పలుపు తెంచుకున్న ఎనుము చొప్పవాము మీద పడింది. దాన్ని కట్టేసి వచ్చేసరికి గిన్నె అడుగున నల్లటి పొర మిగిలింది.

స్వర్ణలత బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికే బిడ్డ ఏడుపు వినిపించింది. ఇంట్లో అడుగుపెడితే మాడు వాసన. అత్త చేతిలో ఉగ్గుగిన్నె, అందులో చక్కెర నీళ్లు. పొయ్యి పక్కన గిన్నె చూసిన మరుక్షణం అంతా అర్థమైపోయింది.

"రెండు దినాలు తీసినా అత్తా! రెండు దినాలు! ఎనుము పాలు మాడిపోతే ఇంకో చెంబు పిండుకుంటావు. ఇవి యాడ తెచ్చేది నేను?"

పద్మావతమ్మ ఉగ్గుగిన్నె పక్కన పెట్టి, మాడిన గిన్నె తోమడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లలో ఆ ఇంట్లో పాలు మాడిన రోజు లేదు. మాడినవి మనవరాలివి కావడం ఆమెకు తల కొట్టేసినట్టయింది. టీవీ ముందు నుంచి ఆదినారాయణ, "ఇంత రచ్చ యాలమ్మా, డబ్బా పాలు తెచ్చేస్తే పోతాది గదా" అన్నాడు. ఆ మాటతో స్వర్ణలతకు ఏడుపు ఇంకా ముంచుకొచ్చింది.

ఏడ్చినందుకు ఫలితం మర్నాడే కనిపించింది. పంపు పెడితే సీసా అడుగు తడవలేదు. ఆ మరుసటి రోజూ అంతే. మోటారు గుర్రుమంటోంది, సీసాలోకి పడేది నాలుగు చుక్కలు. రాత్రీ పగలూ గంటకోసారి పెట్టి, పోగైనదే గిన్నెలో పోసి పడుతోంది. బిడ్డ తూకం నాలుగు కిలోల దగ్గరే ఆగింది. పెదవి ఆపరేషన్‌కు ఐదు కిలోలు కావాలని డాక్టరమ్మ ఇచ్చిన గడువు ఇంకా ఆరు వారాలే. నాగేంద్ర డబ్బా పాలు తెచ్చి అల్మారాలో పెట్టాడు. స్వర్ణలత దాన్ని చూసి మొహం తిప్పుకుంది. ఆ డబ్బా మీద ఆమెకు కోపమేం లేదు. తన మాట నిలబడలేదే అన్నదే ఆమె బాధ.

మూడో రోజు తెల్లవారి కొట్టంలో పాలు పిండి వచ్చిన పద్మావతమ్మ, చేతులు కడుక్కుని నేరుగా కోడలి గదిలోకి వచ్చింది. ఒక చేతిలో వేడినీళ్ల గిన్నె, అందులో పిండిన తువ్వాలు. భుజం మీద అమూల్యను రాత్రి చుట్టిన పాత చీర గుడ్డ.

"ఆ మిషను ఆపు" అంది. "ఈ తువ్వాలు కాపడం పెట్టుకో. ఈ గుడ్డ ఒళ్లో ఏసుకో. బిడ్డ వాసన రానీ."

"ఏంది అత్తా ఇదంతా?"

"బెదిరిన ఎనుము పాలు ఎగబట్టుకుంటాది. ఎంత పిండినా చుక్క రాదు. దాన్ని కొడ్తే పాలు రావు, తిడ్తే రావు. వేడినీళ్లతో పొదుగు కడగల్ల, దూడను ముందర నిలపల్ల, కొట్టంలో ఎవరూ గట్టిగా మాట్లాడగూడదు. అప్పుడు చేపుతాది."

స్వర్ణలతకు కోపం రావాలో నవ్వు రావాలో తెలీలేదు. "నేనేమన్నా ఎనుమునా అత్తా?"

"ఎనుమైతే ఇంత మొండిగా ఉండదులే" అని పద్మావతమ్మ అక్కడే గడప మీద కూర్చుంది. తర్వాత బయటికి తల తిప్పి ఇల్లదిరేలా అరిచింది. "యోవ్, ఆ టీవీ ఆపు! ఈడ పాలు తీస్తాండారు!"

ఆ అరుపుకు స్వర్ణలత పకపకా నవ్వేసింది. పెళ్లయ్యాక అత్త ముందు అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే పంపు తగిలించుకుంది. ఒళ్లోని గుడ్డలోంచి బిడ్డ వాసన వచ్చింది. కాసేపటికి రొమ్ముల్లో జివ్వుమని చేపు వచ్చింది. సీసాలో పాలు ఒక గీత దాటాయి, రెండో గీత దాటాయి. పద్మావతమ్మ సీసా వైపు చూడనట్టు చూస్తూ, "పల్సగా ఉంటే ఉండనీ. వాటి తీరే అంత కాబోలు" అంది. ఆమె నోటి నుంచి అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ విని ఎరుగరు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కొత్త కట్టుబాటు వచ్చింది. పొద్దున్నే అత్త ఎనుము దగ్గర కూర్చునే వేళకే కోడలు పంపు దగ్గర కూర్చునేది. అక్కడ చెంబులో, ఇక్కడ సీసాలో. ఆ గంటసేపు టీవీ లేదు, ఫోను లేదు, గొడవ లేదు. ఆదినారాయణ తన ఇంట్లోనే పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు. సీసాలు కడిగిన తొలినీళ్లు కాలువలో పొయ్యనిచ్చేది కాదు పద్మావతమ్మ. తల్లిపాలు కాలి కింద పడకూడదని కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. ఇంటికొచ్చినవాళ్లు "డబ్బా పాలన్నా పట్టకూడదా" అంటే, కోడలికన్నా ముందు ఆమే పోట్లాటకు లేచేది.

ఆరు వారాలు తిరిగేసరికి డాక్టరమ్మ దగ్గర తూకం. అమూల్యను తూకం మిషను మీద పడుకోబెట్టారు, కాళ్లు తన్నుకుంటుంటే అంకెలు అటూ ఇటూ పరిగెత్తాయి. అంకె నిలబడింది. ఐదు కిలోల నూట యాభై.

"బాగా పెరిగిందే! ఏ డబ్బా పడుతున్నారమ్మా?" అని అడిగింది నర్సు.

స్వర్ణలత నోరు తెరిచేలోపు పద్మావతమ్మ ముందుకొచ్చింది. "డబ్బా ల్యా, గిబ్బా ల్యా. నా కోడలి పాలు. ఒక్క చుక్క బయటి పాలు ముట్టలేదు నా మనవరాలు. నలభై ఏండ్లు పాడి చేసినా, ఇట్ల పాలు తీసిన మనిషిని నేను సూల్లేదు." బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. స్వర్ణలతకు సిగ్గేసింది, ఆ సిగ్గుకన్నా నాలుగింతలు గర్వంగా అనిపించింది. పెదవి ఆపరేషన్ ఆ నెలలోనే జరిగింది.

అంగిలికి ఇంకా ఆరు నెలలుంది. ఇంతలో సెలవు అయిపోయింది. రోజూ జమ్మలమడుగు బస్సు, అక్కడి నుంచి ఆటో. భుజానికి ఐసు డబ్బా. బస్సులో ఒకాయన, "ఏంది పాపా, చేపలా?" అని అడిగితే, "కాదు మామా, నా బిడ్డ అన్నం" అని చెప్పింది.

సచివాలయంలో పాలు తీయడానికి చోటు రికార్డుల గది ఒక్కటే. దానికి తలుపుంది, గడియ లేదు. సర్వేయరు ముబారక్ మంచివాడు. ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చి కిటికీకి కట్టాడు. పదకొండుకు, రెండుకు స్వర్ణలత లోపలికి పోగానే తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పనికి వచ్చినవాళ్లు అడిగితే, "సర్వర్ డౌనప్పా, పావుగంట కూచోండి" అనేవాడు. ఆ మాటను అనుమానించే మనిషి రాష్ట్రంలోనే లేడు కాబట్టి పదిరోజులు సాఫీగా గడిచింది. రేషన్ కార్డులో పేరు కోసం రోజూ వచ్చే పెంచలమ్మ అనే ముసలామె మాత్రం ఒకరోజు లేచి నిలబడింది.

"ఈ సర్వరు దినామూ పదకొండుకే యాల పడతాది నాయనా? గడియారం చూసుకోని పడతాదా?"

ముబారక్ కుర్చీని తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. లోపలి నుంచి మోటారు చప్పుడు వినిపిస్తోంది. స్వర్ణలత లోపల ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గొంతెత్తి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సర్వర్ బాగనే ఉంది అవ్వా. నేనే పాలు తీస్తాండా. నా బిడ్డకు అంగిలి లేదు, రొమ్ము తాగలేదు. పది నిమిషాల్లో వస్తా."

బయట మగవాళ్లు నలుగురు కిటికీ వైపు చూడకుండా గోడ మీది నోటీసులు చదువుతున్నారు. ముందు తేరుకుంది పెంచలమ్మే. ముబారక్‌ను కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది. "నిదానంగా తీసుకో తల్లీ! పది నిమిషాలు కూచుంటే ఈళ్ల భూములేం యాడికీ పారిపోవు" అంది. కార్డులో పేరు ఎక్కాక కూడా ఆమె ఆ వేళకు చాలాసార్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. ముబారక్‌కు అబద్ధం చెప్పే పని తప్పింది.

ఇలా పదకొండో నెల వచ్చింది. జలుబు లేదు, జ్వరం లేదు, తూకం సరిగ్గా ఉంది. చెప్పిన తేదీకే అంగిలి ఆపరేషన్ జరిగింది. ఇక పంపు తీసి పెట్టేయవచ్చు అన్నారు అందరూ. కుట్లు మానేదాకా ఉండనీ అంది స్వర్ణలత. మానాక ఒకరోజు, ఎవరూ చూడకుండా, అమూల్యను రొమ్ముకు ఆనించి చూసింది. పిల్ల అటూ ఇటూ చూసి, అరచేత్తో తట్టి, ఉగ్గుగిన్నె ఎక్కడని వెతికింది. స్వర్ణలతకు గుండెలో కలుక్కుమన్న మాట నిజం. తాను చేయని తప్పుకు ఎంతసేపు బాధపడుతుంది? లేచి గిన్నె తెచ్చుకుంది.

పుట్టినరోజు దాటి రెండు నెలలైంది. అప్పటికి స్వర్ణలత పొద్దున ఒక్కపూటే పంపు పెట్టేది. ఆ పొద్దున కొట్టం పక్క అరుగు మీద కూర్చుంది, పంపు ఇంకా తగిలించుకోలేదు. అమూల్య ఒళ్లో ఉంది. పద్మావతమ్మ ఎనుమును పిండి, నురగ పాల చెంబుతో వస్తోంది. పిల్ల చెయ్యి చాపింది. పెదవులు రెండూ దగ్గరకు బిగించింది, బుగ్గలు ఉబ్బించింది.

"పా" అంది.

స్వర్ణలత కదలలేదు. పద్మావతమ్మ కూడా ఆగిపోయింది. ముక్కులోంచి రాలేదు ఆ మాట. పెదవుల మీద గాలి బిగిసి, టప్పున విడిపోయి, శుభ్రంగా వచ్చింది.

"పా. పా."

"పాలంటాంది! సొర్ణా, పాలంటాంది!" అని పద్మావతమ్మ కేక పెట్టింది. చెంబుతో వంటింట్లోకి పరిగెత్తింది. మూడు పొంగులు రానిచ్చి, చల్లార్చి, ఉగ్గుగిన్నె నిండా పోసుకుని వచ్చింది. ఇప్పుడు ఏడాది దాటింది, ఎనుము పాలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. ఇన్నాళ్లు ఎదురుచూసిన ముచ్చట అది. గిన్నె కొస పిల్ల నోటి దగ్గర పెట్టింది. అమూల్య ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, మొహమంతా ముడిచి, తల పక్కకు తిప్పేసింది. వేలు చాపి అరుగు మీది పంపును చూపించింది.

"పా" అంది గట్టిగా.

పద్మావతమ్మ పంపు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. స్వర్ణలత కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది. ముసలామె ఉగ్గుగిన్నెలో పాలు వంటింటి గిన్నెలో తిరిగి వంపేసింది. గిన్నెను శుభ్రంగా కడిగి, పైట చెంగుతో తుడిచి, ఖాళీ గిన్నెను కోడలి పక్కన పెట్టింది.

"తియ్యమ్మా" అంది. "ఈ ఇంట్లో పాలామె ఇంక నువ్వేనంట."

తర్వాత లోపలికి తల తిప్పి, టీవీ ఆపమని అరిచింది.